శత్రువు ఎదురుగా, మౌసు నిద్రలో

జహీరాబాద్‌లో నలభై దాటిన మగమనిషి రాత్రి పదింటప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుంటే లోకం మూడు రకాలుగా అర్థం చేసుకుంటుంది. జీఎస్టీ రిటర్ను గడువు దగ్గరపడి ఉండాలి. కూతురికి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెడుతూ ఉండాలి. లేదా పట్టాదారు పాసుపుస్తకంలో తాత పేరు తప్పు పడి ఉండాలి. నాలుగో కారణం ఒకటి ఉండొచ్చని మా గల్లీలో ఇప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. పగలంతా ఒక అల్లం వ్యాపారి దగ్గర లెక్కలు రాసే నేను, రాత్రి తలుపు దగ్గరికేసి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఒక గోడ చాటున తుపాకీతో మాటు వేసి ఉంటాను.

ఆట పేరు కౌంటర్ స్ట్రైక్. హాఫ్ లైఫ్ అనే మరో ఆటకు ఇద్దరు కుర్రాళ్ళు సరదాగా తగిలించిన చేర్పుగా 1999లో పుట్టి, 2000లో విడిగా అమ్మకానికి వచ్చింది. మా ఈడు వాళ్ళం దాన్ని ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి నేర్చుకున్నాం. ఇంటర్ ఫలితాలు చూసుకోవడానికి వెళ్తున్నామని ఇంట్లో చెప్పేవాళ్ళం. ఏడాది పొడుగునా ఫలితాలు వస్తూనే ఉండేవి. తర్వాత పెళ్ళి, పిల్లలు, జీఎస్టీ. మళ్ళీ ఈ దారి పట్టించినవాడు మా అన్న కొడుకు. వాడూ వాడి హాస్టల్ దోస్తులూ నలుగురు. ఆటకు అయిదుగురు కావాలి. అయిదోవాడు దొరకని రాత్రి నాకు ఫోన్ వస్తుంది. "కాకా, నువ్వేం చెయ్యకు. ఊకె నిలబడితే చాలు" అంటాడు. ఉద్యోగంలోనూ నాకు ఇంత స్పష్టమైన ఆదేశాలు ఎన్నడూ రాలేదు.

నిలబడటం కూడా కష్టమైపోయింది, మౌసు వల్ల. పాత మౌసు తీగ తగిలి టీ గ్లాసు ఒకసారి కొనుగోళ్ళ బిల్లుల మీద ఒలికిందని, తీగ లేనిది తెచ్చుకున్నాను. లెక్కలు రాసేంతసేపూ అది బంగారం. ఎక్సెల్‌లో ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్ళడంలో అర సెకను ఆలస్యమైతే అల్లం ధర మారదు. ఆటలో అర సెకనంటే పిలక నుంచి పాదం దాకా శత్రువు తూటాలతో నింపేసేంత సమయం. పైగా ఈ మౌసుకు ఆటలోనే రకరకాల జబ్బులు. ఒకసారి గురి గాల్లో గడ్డకడుతుంది. ఒకసారి నేను కుడికి తిప్పితే కాసేపు ఆలోచించి, ఒక్కసారిగా ఆకాశంలోకి చూస్తుంది. నేను మేఘాలను కాలుస్తూ ఉండగా కింద ఎవడో వచ్చి పని ముగించుకుని పోతాడు. హెడ్‌ఫోన్‌లో మావాడి గొంతు వినిపిస్తుంది: "కాకా, పక్షులను కొడుతున్నవా?"

నన్ను కుంగదీసింది చావు కాదు, దూరాల లెక్క. ఆట సర్వరు ముంబయిలో ఉంటుంది. మా ఊరి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి అటు మచిలీపట్నం నుంచి ఇటు పుణె దాకా పోతుంది. ఆ దారిన ముంబయి దాదాపు ఆరు వందల కిలోమీటర్లు. నా తూటా కబురు కనురెప్ప వాల్చేలోపు అంత దూరం వెళ్ళి, ఎవడు చచ్చాడో కనుక్కుని తిరిగొస్తుంది. చిరాగ్‌పల్లి దగ్గర సరిహద్దు దాటేటప్పుడు కాగితాలు కూడా చూపించదు. అదే కబురు నా చేతి కింది మౌసు నుంచి బల్ల కింది డబ్బాకు చేరాలి. మూడడుగులు. ఆ మూడడుగుల్లోనే దారి తప్పుతుంది.

ఇంట్లో ఒక వస్తువు మొరాయిస్తే దానికి వైద్యులు తక్కువుండరు. మొదటి వైద్యం మా ఆవిడది. మా ఇంట్లో విద్యుత్ శాస్త్రమంతా పెన్సిల్ సెల్లు దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. రిమోట్ పనిచేయకపోతే అరచేతిలో రెండు దెబ్బలు కొట్టాలి. వినకపోతే మూత తీసి సెల్లును బొటనవేలితో అక్కడే దొర్లించాలి. అప్పటికీ కాకపోతే కిటికీలో ఎండకు పెట్టాలి. నవ్వకండి, ఇందులో కొంత నిజం ఉంది. దొర్లిస్తే కొసల మీది చిలుము రాలి కరెంటుకు దారి దొరుకుతుంది. వేడి తగిలితే లోపలి రసాయనం కాసేపు హుషారవుతుంది. ప్రాణం మాత్రం తిరిగి రాదు.

సెల్లుకు మా ఇంట్లో మూడు ఆశ్రమాలు. కొత్తగా వచ్చినప్పుడు మౌసులో, కొంచెం నీరసించాక రిమోట్‌లో, చివరికి గోడ గడియారంలో. గడియారం తినే కరెంటు ఎంత తక్కువంటే, మౌసు వద్దని తోసేసిన సెల్లుతోనే అది నెలల తరబడి కాలక్షేపం చేస్తుంది. అందుకే "సెల్లు బాగానే ఉన్నది, గడియారం నడుస్తలేదా?" అన్న వాదన మా ఇంట్లో చెల్లుతుంది గాని మౌసు దగ్గర చెల్లదు. మౌసు ప్రతి క్షణం కిందికి వెలుతురు వేసి చూడాలి, చూసింది గాల్లోకి చెప్పాలి. బలం తగ్గితే ముందు మాట తడబడుతుంది, తర్వాత చూపు పోతుంది. చార్జింగ్ సెల్లు వేసేవాళ్ళకు ఇంకో చిక్కు. మామూలు కొత్త సెల్లు 1.5 వోల్టులు, చార్జింగ్‌ది 1.2. నిండుగా ఉన్న చార్జింగ్ సెల్లును చూసి కూడా కొన్ని మౌసులు అయిపోవచ్చిందని ఎర్ర దీపం వెలిగిస్తాయి.

కొత్త సెల్లు వేశాను. చచ్చాను. అంటే ఆటలో.

రెండో వైద్యుడు మా బావమరిది. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. పండక్కి వచ్చాడు. అతని దగ్గర ప్రపంచంలోని సమస్త రోగాలకూ మందు ఒకటే. "బావా, రీస్టార్ట్ చేశావా?" చేశాను. "డ్రైవర్ అప్‌డేట్ చేశావా?" చేశాను. "అయితే ఫార్మాట్ కొట్టేద్దాం" అని చొక్కా చేతులు మడిచాడు. మౌసు కదలడం లేదని నాలుగేళ్ళ అల్లం లెక్కలు తుడిచెయ్యడానికి సిద్ధపడ్డ మనిషిని మా ఆవిడ సకినాలు పెట్టి ఆపింది. అయితే, పోయే ముందు అతను ఒక మంచి పని చేశాడు. డివైస్ మేనేజర్ తెరిచి, యూఎస్‌బీ హబ్ మీద నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ అనే పేజీలో ఒక టిక్కు తీసేశాడు. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని కంప్యూటర్ నిద్రపుచ్చవచ్చు అని దాని అర్థం. నాకు తెలియకుండా నా ఇంట్లో పరస్పరం నిద్రపుచ్చుకునే ఏర్పాటు ఒకటి నడుస్తోందని ఆ రోజు తెలిసింది.

ఎందుకంటే మౌసు కూడా నిద్రపోతుంది. సెల్లు ఎక్కువకాలం రావాలని, కాసేపు కదలకపోతే ముందు కునుకు తీస్తుంది, ఇంకాసేపటికి గాఢనిద్రలోకి జారుకుంటుంది. ఆఫీసు పనికి చేసిన చవక మౌసుల్లో ఈ గుణం ఎక్కువ. గుమాస్తాకు ఇది చాలా తగిన మౌసు. మాటు వేసినవాడికి తగదు. నేను ఆడే పద్ధతి చూడండి: పెట్టెల చాటున కూర్చుని, గురి తలుపు మీద పెట్టి, ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తూ ఎదురుచూడటం. నేను ఎంత ఓపిగ్గా ఉంటే మౌసు అంత హాయిగా నిద్రపోతుంది. శత్రువు తలుపు తోసుకుని వచ్చినప్పుడు నేను చెయ్యి కదుపుతాను, అది కళ్ళు నులుముకుంటుంది, ఈలోపు వాడు నా బూట్ల రంగు కూడా చూసేసి ఉంటాడు. కూర్చున్నంతసేపూ చెయ్యి కొద్దికొద్దిగా ఆడిస్తూ ఉండాలన్నది ఇందుకు విరుగుడు. దాంతో నా సైనికుడు మాటులో కూర్చుని అడ్డంగా తల ఊపుతూ ఉంటాడు. ఎవరేం అడిగినా వద్దు వద్దు అంటున్నట్టు.

మూడో వైద్యుడు పక్కింటి భాయ్. మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో చేస్తాడు, ఇంజన్ చప్పుడు విని లోపం చెప్పగల మనిషి. మౌసును చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "ఎర్తింగ్ లేదు భాయ్" అన్నాడు. తీగే లేనిదానికి ఎర్తింగ్ ఎక్కడ పెట్టాలో నాకు పాలుపోలేదు. కంప్యూటర్‌కు పెట్టాలట. పెరట్లో గుంట తీసి బొగ్గు, ఉప్పు పోయించాం. మౌసులో మార్పు లేదు గాని, డబ్బా ముట్టుకుంటే వేళ్ళకు జివ్వుమనడం మానేసింది. ఆ మేరకు ఆరోగ్యమే.

ఇంతమంది మౌసునే తిరగేసి చూశారు. కింద చూశారు, మీద చూశారు, పొట్ట విప్పి చూశారు. అది ఎవరితో మాట్లాడాలో, ఆ మాట ఏ దారిన పోవాలో చూసినవాళ్ళు లేరు. చూసింది మా చిన్నమ్మ. ఝరాసంగం దగ్గరి ఊరు. కంటి డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చి ఆ రాత్రి మా ఇంట్లోనే ఉంది. నేను మేఘాలను కాలుస్తూ ఉంటే వెనక మంచం మీద కూర్చుని చాలాసేపు చూసి అడిగింది:

"దీని ఏరియల్ ఏడున్నది బిడ్డా?"

"దీనికి ఏరియల్ ఉండదు చిన్నమ్మా, ఇది మౌసు."

"తీగ లేకుంటె గాలిల మాట్లాడ్తదని నువ్వే అంటివి గద. గాలిల మాట్లాడేది రేడియోనే గద. వినే డబ్బ ఏడ వెట్టినవ్?"

వంగి, బల్ల కింద, కంప్యూటర్ డబ్బా వెనక, గోడ వైపు, వైర్ల గుబురులో గుచ్చి ఉన్న వేలిగోరంత డాంగిల్ చూపించాను.

"అగో! ఇనుప డబ్బ ఎనక, గోడకు ఆనిచ్చి వెడితివి. మనకు సంఘం రేడియో గట్లనే గరగర అంటుండె. కిటికీల వెడితె మంచిగ మాట్లాడింది. గంతే" అని అటు తిరిగి పడుకుంది.

చిన్నమ్మ రేడియో గురించి మాట్లాడితే జహీరాబాద్ ప్రాంతంలో ఎదురుచెప్పే సాహసం ఎవరూ చెయ్యకూడదు. ఝరాసంగం మండలంలోనే మాచునూర్ ఉంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళారైతులు నడిపే సంఘం రేడియో అక్కడిదే. స్టేషను 1998లోనే యునెస్కో సాయంతో సిద్ధమైంది. గాల్లోకి వదలడానికి లైసెన్సు లేదు. దాంతో జొన్నల గురించీ, విత్తనాల గురించీ, పాటలూ కథలూ రికార్డు చేసి, క్యాసెట్లు పట్టుకెళ్ళి సంఘం సమావేశాల్లో వినిపించేవాళ్ళు. అట్లా పదేళ్ళు. 2006లో సామాజిక రేడియో విధానం మారాక, 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద నిజంగా గాల్లోకి వచ్చింది. మైకు పట్టినవారిలో ఇద్దరు నర్సమ్మలు ఉన్నారు: అల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ. జనరల్ హోదా ఉన్న మనిషి మా కౌంటర్ స్ట్రైక్ జట్టులో ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. మాకు ఎందుకు ఓటమి తప్పడం లేదో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

ఆ స్టేషను ప్రారంభించిన పెద్దాయన జస్టిస్ పి.బి. సావంత్. ఆయన పేరు ఆటలతో ముడిపడిన పేరే. క్రికెట్ మ్యాచ్ ప్రసారం ఎవరి హక్కు అన్న తగాదా ఒకటి బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్రానికీ మధ్య సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఆ ధర్మాసనంలో ఆయన ఉన్నారు. క్రికెట్ కోసం మొదలైన కొట్లాట పదమూడేళ్ళ తర్వాత మాచునూరు రైతు మహిళలకు మైకు తెచ్చిపెట్టింది. ఆటలు ఆడి చెడిపోయారని మనల్ని తిట్టిన పెద్దలకు ఈ సంగతి ఒకసారి వినిపించాలి.

అసలు నా బాధంతా ఆ తీర్పులోని ఆ మాటే. గాలి అందరిదీ. మాచునూరు స్టేషనుకు 90.4 అని ఒక నంబరు, దానికొక లైసెన్సు ఉన్నాయి. ఇంకెవరూ ఆ నంబరు మీద అక్కడ కూతపెట్టకూడదు. నా మౌసు మాట్లాడేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. 2.4 నుంచి 2.4835 దాకా ఉన్న ఆ ముక్కను మన ప్రభుత్వం 2005లో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా వదిలేసింది. ఊరి చివర పోరంబోకు ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. పట్టా లేదు, కంచె లేదు, ఎవరి పశువునైనా తోలుకోవచ్చు. మా ఇంటి వైఫై అక్కడే మేస్తుంది. పక్కింటి భాయ్ వైఫై అక్కడే. మేడ మీద అద్దెకున్న పిల్లల బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, ఎదురింటి కెమెరా, అన్నీ అక్కడే. వీటి మధ్యన ఒక పెన్సిల్ సెల్లు బలంతో నా మౌసు.

ఇవన్నీ ఒకదాన్నొకటి తొక్కుకోకుండా కొన్ని మర్యాదలు పెట్టుకున్నాయి. మామూలు బ్లూటూత్ సెకనుకు 1600 సార్లు చోటు మారుతుంది, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఒక మాట అనేసి ఇంకో చోటికి గెంతుతుంది. డాంగిల్ మౌసులు కూడా దారి మూసుకుపోతే పక్కకు జరుగుతాయి. మర్యాద తెలియనిది ఒక్కటే, మైక్రోవేవ్ ఓవెన్. అది మాట్లాడటానికి పుట్టినది కాదు, అరవడానికి పుట్టింది. దాని లోపల 700, 800 వాట్ల శక్తి సరిగ్గా 2.45 గిగాహెర్ట్జ్ చుట్టూ తిరుగుతుంది. తలుపు సందుల్లోంచి బయటికి వచ్చేది మనిషికి హాని చేయనంత కొంచెమే. నా మౌసు గొంతు మాత్రం వాటులో వెయ్యో వంతు అటూఇటూ. ఆ కొంచెం చాలు.

వంటింటికీ నా గదికీ మధ్య ఒకటే గోడ. రాత్రి పదిన్నరకు మా ఆవిడ చల్లారిన టీ వేడి చేసుకుంటుంది. సరిగ్గా అప్పుడే నేను చస్తున్నానని ఒక రాత్రి గమనించాను. మర్నాడు ఆమెకు శాస్త్రీయంగా వివరించాను. అది చెప్పకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది గాని, విజ్ఞానాన్ని దాచుకోకూడదు కదా. ఇప్పుడు భోజనానికి పిలిస్తే నేను పలకకపోతే ఆమె రెండోసారి పిలవదు. ఖాళీ గిన్నెలో కొన్ని నీళ్ళు పోసి ఓవెన్‌లో పెట్టి మీట నొక్కుతుంది. నేను నిమిషంలో వచ్చి పీట మీద కూర్చుంటాను.

చిన్నమ్మ చెప్పిన ఏరియల్ సంగతికి వద్దాం. ఎఫ్ఎమ్ అల పొడుగు దాదాపు మూడు మీటర్లు ఉంటుంది. అడ్డం వచ్చిన వాటి చుట్టూ తిరిగిపోగలదు. 2.4 గిగాహెర్ట్జ్ అల పన్నెండు సెంటీమీటర్ల చిల్లర. ఇనుప డబ్బా అడ్డమొస్తే వెనక నీడ పడుతుంది. నీళ్ళు అడ్డమొస్తే దాన్ని తాగేస్తాయి, నీళ్ళంటే అక్వేరియం ఒక్కటే కాదు. మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్ళే. మౌసుకూ డాంగిల్‌కూ మధ్యన నా మోకాళ్ళూ, నా పొట్టా ఉన్నాయి. ఈ పొట్ట మీద గత పదేళ్ళుగా వచ్చిన విమర్శల్లో సాంకేతికమైనది ఇదొక్కటే.

సరే, డాంగిల్‌ను వెనక నుంచి తీసి ముందు వైపు గుచ్చాను. కొంచెం మెరుగైంది. అక్కడ రెండు నల్లటి పోర్టులు, రెండు నీలం పోర్టులు ఉన్నాయి. నీలం కొత్తది, వేగం ఎక్కువ కదా అని నీలంలోనే పెట్టాను. పక్క నీలంలో బావమరిది పెళ్ళి వీడియో ఉన్న హార్డ్ డిస్కు ఉంది, అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. మళ్ళీ మేఘాలు. ఈ చిక్కు మన గల్లీది కాదు, ప్రపంచానిది. నీలం పోర్టు అంటే యూఎస్‌బీ 3.0. సెకనుకు అయిదు వందల కోట్ల బిట్లు తోస్తుంది. ఆ తోపులాటలో పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పరుచుకుంటుంది. ఇంటెల్ వాళ్ళే 2012లో కొలతలు వేసి, ఈ పోర్టులూ వీటికి తగిలించే డిస్కులూ పక్కనున్న వైర్‌లెస్ మౌసు డాంగిల్‌ను చెవిటిదాన్ని చేయగలవని పత్రం రాసి పెట్టారు. అంటే బావమరిది పెళ్ళి బాజాలు పదకొండేళ్ళ తర్వాత కూడా నా చెవుల్లో కాకపోయినా నా డాంగిల్ చెవుల్లో మోగుతున్నాయి.

ఇక మిగిలింది మందు. మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ సామాన్ల దుకాణానికి వెళ్ళాను. కౌంటర్ వెనక కుర్రాడు సగం ఉర్దూ, సగం తెలుగు, అప్పుడప్పుడు కన్నడం మాట్లాడతాడు, బీదర్ నుంచి వచ్చే గిరాకీ కూడా ఉంటుంది మరి. జబ్బు మొత్తం చెప్పాను. సుప్రీంకోర్టు దాకా చెప్పాను. వాడు ఓపిగ్గా విని, వెనక డబ్బాలోంచి మూరెడు తీగ తీసి గాజు బల్ల మీద పెట్టాడు.

"యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ అన్నా. డాంగిల్‌ను ఈ కొసకు పెట్టి, మౌసు పక్కన బల్ల మీద ఉంచు. అయిపాయె."

"నాది వైర్‌లెస్ మౌసు తమ్మీ."

"అందుకే అన్నా వైరు."

డబ్బులిచ్చాను. తీగ వద్దని ఎక్కువ పెట్టి కొన్న మౌసు సవ్యంగా నడవడానికి తీగ కొనుక్కుని ఇంటికొచ్చాను. మా ఆవిడ ఆ తీగను చూసి, పాత మౌసు తీగ కంటే ఇది ఎన్ని అంగుళాలు పొట్టి అని మాత్రం అడిగింది.

పనిచేసింది. డాంగిల్ మౌసుకు జానెడు దూరంలో, ఎదురుగా, అడ్డం ఏమీ లేకుండా కూర్చుంది. నల్ల పోర్టులో గుచ్చాను, పెళ్ళి వీడియోను బీరువాలో పెట్టాను. గురి ఇప్పుడు నేను తిప్పిన వైపే తిరుగుతుంది. మిగిలిన చిన్న జంకు కూడా బల్ల మీది అద్దం వల్ల అని తేలింది. పాత ఆఫీసు బల్ల, అద్దం కింద దేవుడి పటాలూ, రైలు టైంటేబులూ. మౌసు కడుపులోని కెమెరా బల్ల మీది గరుకును సెకనుకు వేల ఫొటోలు తీసి కదలికను లెక్కగడుతుంది. నున్నటి అద్దం మీద దానికి పట్టుకోవడానికి ఒక మచ్చ కూడా దొరకదు. కిందటేడు క్యాలెండర్ షీటు ఒకటి తిరగేసి పరిచాను. తిరగెయ్యకపోతే మౌసు మాటిమాటికీ రాహుకాలం మీదికి వెళ్తుందని మా ఆవిడ ఒప్పుకోలేదు.

వైర్‌లెస్ మౌసు ఆటలకు పనికిరాదని కొట్టిపారేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. పాతకాలపు మాట అది. డగ్లస్ ఎంగెల్బర్ట్ 1968 డిసెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జనానికి మౌసును చూపించినప్పుడు దానికి తీగ ఉంది, ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆటగాళ్ళు తీగనే నమ్మారు. ఇప్పుడు లక్షల డాలర్ల పందేల్లో ఆడే నిపుణులు తీగ లేని వాటితోనే ఆడుతున్నారు. తేడా ఏమిటంటే వాళ్ళ మౌసు తానెక్కడున్నానో సెకనుకు కనీసం వెయ్యిసార్లు చెబుతుంది, ఆఫీసు రకాలు చాలావరకు 125 సార్లతో సరిపెట్టుకుంటాయి. బ్లూటూత్ మీద ఆడేవాళ్ళు ఇంకా నిదానం. మీ మౌసులో బ్లూటూత్, డాంగిల్ రెండూ ఉంటే ఆటకు డాంగిల్ వైపే మీట తిప్పుకోండి. ఇంకొకటి, ఆ నిపుణుల బల్ల మీద కూడా డాంగిల్ ఒక తీగ కొసకే ఉంటుంది. జహీరాబాద్ కుర్రాడు కనిపెట్టిన రహస్యం కాదది, కంపెనీలే పెట్టెలో ఆ తీగను పెట్టి అమ్ముతున్నాయి.

మౌసు బాగుపడ్డ రాత్రి మా అన్న కొడుక్కి ఫోన్ చేసి ఇక చూడరా అన్నాను. ఆట అయిపోయాక వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "కాకా, మౌసు మంచిగైంది. ఇగ నిన్ను ఏం చేద్దాం?" దీనికి ఏ దుకాణంలోనూ తీగ దొరకదట.

ఆ సంగతి అట్లా ఉంచి, మా గల్లీ వాళ్ళకు నాదొక మనవి. మీ వైఫై డబ్బాలో 5 గిగాహెర్ట్జ్ అని ఒకటి ఉండొచ్చు, ఉంటే ఫోన్లూ టీవీలూ దాని మీదికి మార్చుకోండి, మీ సినిమా కూడా ఆగకుండా నడుస్తుంది. 2.4 తప్పదనుకుంటే చానెల్ 1, 6, 11 ఈ మూడింట్లో ఒకటి పెట్టుకోండి, మధ్యలోవి పెట్టుకుంటే ఇటు నా మీదా అటు భాయ్ మీదా పడతారు. రాత్రి పదిన్నర నుంచి పదకొండు దాకా టీ మాత్రం దయచేసి గ్యాస్ పొయ్యి మీదే పెట్టుకోండి.